పొదిలికి చెప్పాల్సిన కబుర్లు

సర్వర్ లేచింది గానీ, నాలుగు నెలల జ్ఞాపకం పోగొట్టుకుని లేచింది. కిందటి వారం మనం షాహిస్తాను ఆ తెర ముందే వదిలి వచ్చాం.

చిలకలూరిపేట రోడ్డు మీద వెంకటనారాయణ కోల్డ్ స్టోరేజి ఉంది. ఆ చుట్టుపక్కల ఎవరూ దాన్ని అంత పొడుగ్గా అనరు, ఏసీ అంటారు. శుక్రవారం మధ్యాహ్నం డిస్కు నిండిపోయి అక్కడి లినక్స్ సర్వర్ ఆగిపోయింది. ఆ ఆగడంలో డేటాబేస్ ఫైళ్ళు చెడిపోయాయి. అదెంత పాత సాఫ్ట్‌వేరంటే, ఫోన్లో వెర్షన్ నంబరు విన్న, కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మే హైదరాబాదు కంపెనీ అతను నవ్వాపుకోలేకపోయాడు. కొత్త వెర్షన్ వేసి చూస్తే అది ఇక్కడి పద్ధతిని ఒప్పుకోలేదు. ఇంకా బయటికి పోని సరుకుకి, పోయిన తేదీ రాయాల్సిన చోట, పాత ప్రోగ్రాం సున్నాలు పెడుతుంది. కొత్తదాని దృష్టిలో సున్నాలంటే తేదీయే కాదు. చేసేది లేక, అక్కడ కంప్యూటర్ చూసుకునే షాహిస్తా ఆ పాత వెర్షన్‌నే మళ్ళీ ఎక్కించి, ఉన్న ఒకే ఒక్క బ్యాకప్‌ని అందులోకి దించింది.

తెర మీద ఒక్క లాటు కనిపించింది. ఇరవై ఒక్క టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. లోపల చూస్తే ఆరు చాంబర్లలో, నేల నుంచి కప్పు దాకా, లక్ష టిక్కీల మిర్చి నిద్రపోతోంది.

ఏమిటీ బ్యాకప్ అని దాని తేదీ చూసింది. జూన్ రెండు, సోమవారం. అప్పటికింకా మే ముప్పై.

ఇంకా రాని సోమవారం రోజున ఎవరు తీశారు దాన్ని?

శనివారం పొద్దున్నే షాహిస్తా ఏసీకి వచ్చేసింది. రోహిణి కార్తె ఎండ అప్పుడే రేకుల మీద చిటపటలాడుతోంది. సర్వర్ గది మాత్రం చాంబర్ గోడకి ఆనుకుని ఉండటం వల్ల చల్లగా ఉంటుంది. పేట మొత్తానికి తన కూతురంత సుఖంగా ఉద్యోగం చేసేవాళ్ళు లేరని ఆమె తండ్రి మీరావలి అంటుంటాడు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి ఆయన. పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, కొలతలు అడగడానికి ముందే, కూతురి ఉద్యోగం గురించి చెబుతాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే.

ఆ సంగతి గుర్తొచ్చి షాహిస్తా కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. యజమాని శివరామకృష్ణ నిన్న సాయంత్రం కేకలు వెయ్యలేదు. మామూలుగా ఫోన్లో మాట్లాడినా రోడ్డు దాకా వినిపించే మనిషి, నిన్న మెల్లగా అన్నాడు. "సోమవారం సెలవులయిపోయి మిర్చి యార్డు తెరుస్తారమ్మా. పొద్దున్నే రైతులు సరుకు తీయడానికొస్తారు. వాళ్ళ చేతిలో రసీదు ఉంటది గానీ, ఏ చాంబరో ఏ అంతస్తో ఏ వరసో దీనికే తెలుసు. వెతుక్కుంటా తలుపులు తీసి కూర్చుంటే లోపల చలి పోయి కాయ రంగు దిగిపోద్ది. సోమవారం పొద్దునకి ఇది చెప్పలేకపోతే, దీన్ని తీసి బయటపెట్టి కంపెనీ వాళ్ళ దాంతో పాటు వాళ్ళ మనిషిని పెట్టుకుంటా. ఇదే చాలని నువ్వు చెప్పావనే ఇన్నాళ్ళు ఆగా."

తలుపు తోసుకుని చెంచయ్య టీ గ్లాసులు పట్టుకొచ్చాడు. షాహిస్తా ఫిబ్రవరి ఆఖర్లో చేరేదాకా ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నది ఆయనే. ఇప్పుడు కాటా దగ్గరికి మారాడు. లారీలు తూచడమే హాయిగా ఉందంటాడు, లారీకి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి.

"నిద్రపోయావా లేదా షాహిస్తమ్మా?"

"పోయా బాబాయ్. కల్లో కూడా ఇదే." గ్లాసు అందుకుని తెర చూపించింది. "ఈ మొదటి లాటు ఎక్కించింది ఎవరు?"

"నేనే. పెద్దమ్మగారి చేలో కాయ అది. సీజను మొదటి రోజు శాస్త్రానికి అదొక్కటే ఎక్కాలి. బయటి రైతులది పక్కరోజు నుంచి. ఆఖర్న కూడా అంతే. చాంబర్లు ఖాళీ అయ్యాక గానీ మొదటి లాటు బయటికి పోగూడదు. పెద్దాయన పెట్టిన ఆచారం."

"తొమ్మిది పన్నెండుకి ఎక్కినట్టుంది."

"ముహూర్తం తొమ్మిది పన్నెండే మరి. ట్రాక్టరు వచ్చింది మాత్రం పదకొండు నలభైకి. ఎడ్లపాడు దాటాక టైరు పంచరయింది."

షాహిస్తా గ్లాసు కింద పెట్టింది. "పదకొండు నలభైకి వచ్చిన సరుకు తొమ్మిది పన్నెండుకి ఎట్టా ఎక్కింది బాబాయ్?"

చెంచయ్య ఆమె వంక జాలిగా చూశాడు. డిగ్రీ చదివిన పిల్లకి ఇంత చిన్న సంగతి తట్టకపోవడం ఆయనకి వింతగా ఉంది.

"గడియారం వెనక్కి తిప్పి."

"గోడ గడియారమా?"

"గోడ గడియారం ఎవరిక్కావాలి? దీందే." అని సర్వర్ నెత్తి మీద అరచేత్తో తట్టాడు, ఎద్దుని నిమిరినట్టు. "ఏటా చేసేదేగా. తొమ్మిది పదికి తిప్పుతాం, కొబ్బరికాయ కొడతాం, ఎక్కిస్తాం. అయ్యాక మళ్ళీ అసలు టైముకి తెస్తాం. ఆ తెచ్చేది కరుణాకర్ గారు. ఈ ఏడు ఆయన కంటికి ఆపరేషనని రాలేదు. ఆదేశం నాకు నోటికొచ్చు గదా అని నేనే తిప్పేశా."

కరుణాకర్ గారంటే ఈ సర్వర్‌ని ఇక్కడ పెట్టి, ఈ ప్రోగ్రాం రాసిన మనిషి. పేటలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌గా చేసి ఇప్పుడు వేటపాలెంలో ఉంటున్నారు. షాహిస్తాకి చదువు చెప్పిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

"ఏమని తిప్పావు బాబాయ్? సరిగ్గా చెప్పు."

"ఆ రోజు ఆరో తారీఖు, రెండో నెల. సున్నా ఆరు, సున్నా రెండు అని కొట్టా. తప్పేముంది అందులో?"

షాహిస్తా కళ్ళు మూసుకుంది. ఆ ఆదేశంలో ముందు నెల చెప్పాలి, తర్వాత తారీఖు. మన ఊళ్ళో పెళ్ళి శుభలేఖ దగ్గర నుంచి కరెంటు బిల్లు దాకా తారీఖే ముందు. చెంచయ్య అలవాటుగా ఆరో తారీఖు రెండో నెల అన్నాడు. మిషన్ ఆరో నెల రెండో తారీఖు అని వింది. జూన్ రెండు.

"పక్కరోజు చూస్తే తేదీ ఎండాకాలానికి పోయి ఉంది. కరుణాకర్ గారికి ఫోన్ చేస్తే నవ్వి, సరిచేయించారు. ఒక్క పూట ముచ్చటేగా."

ఆ ఒక్క పూటలో రాత్రి ఎనిమిది కూడా ఉందని ఆయనకి తెలియదు.

పెద్దమ్మగారు అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నారు. వెంకటేశ్వరమ్మ గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త వెంకటనారాయణ గారు పోయాక ఏసీని నిలబెట్టింది ఆవిడే. ఇప్పుడు కొడుకు శివరామకృష్ణ చూసుకుంటున్నా, పొద్దున్నే వచ్చి పట్టా పరిపించుకుని, ఒక గంప కాయ ముందేసుకుని తొడిమలు తీస్తుంటారు. కూలికి తీసే ఆడవాళ్ళున్నారు కదమ్మా అంటే, చేతులు ఊరికే ఉంటే నోరు ఊరుకోదంటారు.

ఆవిడకీ షాహిస్తాకీ మధ్య ఒక రహస్యం ఉంది. మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం సర్వర్ గదిలోకి వచ్చి, "ఏదీ, నా పేరు కొట్టడం నేర్పు" అన్నారు. అప్పట్నుంచీ రోజూ భోజనాలయ్యాక ఒక అరగంట. చేతులు ఎంత కడుక్కున్నా కీబోర్డుకి మిర్చి ఘాటు అంటుకునేది. ఒకసారి షాహిస్తా మర్చిపోయి కన్ను నలుపుకుంటే ఆ సాయంత్రమంతా కన్నీళ్ళే. పెద్దమ్మగారు నవ్వీ నవ్వీ, తర్వాత మజ్జిగ గుడ్డ వేసి తనే కూర్చున్నారు. ఇది శివుడికి చెప్పమాకే, ఎగతాళి చేస్తాడు, అన్నది ఒక్కటే ఆవిడ పెట్టిన షరతు.

శివరామకృష్ణ అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. షాహిస్తా ఇద్దరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెంచయ్య పక్కనే తలూపుతూ నిలబడ్డాడు, తనని మెచ్చుకుంటున్నారేమో అన్నట్టు.

"చెంచయ్యా, మతుండే చేశావా?" శివరామకృష్ణ గొంతు మళ్ళీ మామూలుగా రోడ్డెక్కింది. "సర్వర్ టైముతో ఆటలా? ఎవరు తిప్పమన్నారు నిన్ను?"

"నేను," అన్నారు పెద్దమ్మగారు, తొడిమ తుంచుతూనే. "వాణ్ణేమనమాక."

"నువ్వా అమ్మా?"

"మీ నాన్న ఉన్నన్నాళ్ళు గోడ గడియారం తిప్పాం. ఇప్పుడు గోడ గడియారాన్ని ఎవరు చూస్తున్నార్రా? రసీదు మీద టైము కూడా దీంట్లోంచేగా వచ్చేది. అందుకని దీన్ని తిప్పమన్నా. ఇరవై ఏళ్ళుగా తిప్పుతున్నాం. ఒక్క కాయ బూజు పట్టిందా? ఒక్క చాంబరు కారిందా? చెప్పు."

"ఇదిగో, పట్టింది ఇప్పుడు."

షాహిస్తా పట్టా మీద ఆవిడ ముందు కూర్చుంది. తనూ రెండు కాయలు చేతిలోకి తీసుకుంది. "పెద్దమ్మగారూ, రోజూ రాత్రి ఎనిమిదింటికి సర్వర్ మన లెక్కలన్నిటికీ ఒక నకలు తీస్తది. తీసి, దాని దగ్గరున్న నకళ్ళలో తేదీ ఏది తాజాదైతే దాన్ని ఉంచుకుని, పాతవి చెరిపేస్తది. ఫిబ్రవరిలో ఆ రాత్రి తీసిన నకలు మీద జూన్ రెండు అని పడింది. పక్కరోజు మనం గడియారం సరిచేశాం గానీ, ఆ నకలు మీద తేదీ అట్టానే ఉండిపోయింది. ఇంక ఆ రోజు నుంచి నిన్నటి దాకా ఏ రాత్రి తీసిన నకలైనా జూన్ రెండుకంటే పాతదేగా. అందుకని తీసింది తీసినట్టే చెరిపేసింది."

వెంకటేశ్వరమ్మ గారి వేళ్ళు ఆగాయి.

"అంటే, రాని మనిషికి విస్తరేసి పెట్టి, వచ్చినవాళ్ళని వచ్చినట్టే లేపి పంపించింది."

"అంతేనండి."

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు."

చెంచయ్యకి అప్పుడు తెలిసింది. ఆయన మొహం చూడలేక షాహిస్తా గంపలోకి చూసింది. భుజం మీద తువ్వాలు తీసి చేతుల్లో మెలిపెడుతూ, "నెల ముందు, తారీఖు తర్వాత చెప్పాలని నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"నీకు చెప్పడానికి మిషన్‌కి నోరుందా ఏంది," అన్నారు పెద్దమ్మగారు. "కూర్చో. ఎండలో నిలబడి నువ్వు పడిపోతే అదొకటి." తర్వాత షాహిస్తా వైపు తిరిగారు. "రాసిన పంతులికి ఫోన్ చెయ్యవే."

వేటపాలెంలో ఫోన్ మోగగానే ఎత్తారు కరుణాకర్ గారు. వెనక ఆయన భార్య ఎవరినో కేకలేస్తున్నారు. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసింది షాహిస్తా. ఆమె చెప్పినంతసేపూ ఆయన ఉలకలేదు, పలకలేదు.

"సార్, వింటున్నారా?"

"వింటున్నానమ్మా. సిగ్గుపడుతున్నాను. ఒకే నకలు ఉంచమని రాసింది నేనే. అప్పట్లో డిస్కు ఎంత చిన్నదో తెలుసా? ఇప్పుడు నా మనవడి బొమ్మలో అంతకంటే ఎక్కువుంది. పెద్ద డిస్కు వచ్చాక మార్చుదాం, మార్చుదాం అనుకున్నాను. ప్రతి ఏడూ మీ పెద్దమ్మగారు పెట్టే గారెలు తిని, గడియారం తిప్పి వచ్చేశాను. నా మీద కోపం వచ్చిందా?"

"రాలేదు సార్." ఆగింది. "కొంచెం వచ్చింది."

"రావాలి. సరే, ఇది చెప్పు. డిస్కు నిండింది అన్నావు. దేనితో నిండింది?"

"లాగ్ ఫైళ్ళు సార్. ఒకే పేరు, వెనక వరస నంబర్లు. పెద్ద పెద్దవి. కంపెనీ అతను అవి దండగ, తుడిచెయ్యమన్నాడు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "తుడిచేశావా?"

ఆ గొంతులో అంత భయం షాహిస్తా కాలేజీలో కూడా ఎప్పుడూ వినలేదు.

"లేదు సార్. అవేంటో నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండా ఎట్టా పారేసేది? వేరే డిస్కు తెచ్చి అందులో పెట్టా. మా నాన్న పాత పరుపు విప్పితే దూది ఒక్క పింజ కూడా బయటెయ్యడు సార్, నల్లగా ఉన్నా సరే. అదే అలవాటు."

కరుణాకర్ గారు గట్టిగా ఊపిరి వదిలారు. "మీ నాన్నకి నా దండం అని చెప్పు. పెద్దమ్మగారూ, అక్కడే ఉన్నారా?"

"ఇక్కడే ఏడిశా. చెప్పు కరుణాకరూ."

"వెంకటనారాయణ గారు పొదిలిలో రెండో ఏసీ కడదామనుకున్నారు, గుర్తుందా?"

తొడిమ తీస్తున్న చెయ్యి గంప అంచు మీద ఆగింది. "గుర్తుంది. మా పుట్టినూరని కట్టిస్తానన్నారు. కొలతలు కూడా వేయించారు. ఆ ఏడే పోయారు."

"అప్పుడు నాతో ఒక మాటన్నారు. ఇక్కడ ఏం జరిగినా పొదిలి మిషన్‌కి కూడా తెలియాలి పంతులూ, అక్కాచెల్లెళ్ళలాగా ఉండాలి అని. అందుకని ఈ సర్వర్‌కి చెప్పి పెట్టాను. నీలో ఏ మార్పు జరిగినా అది వరసగా రాసి పెట్టుకో, చెల్లెలు వచ్చాక చెబుదువు గాని అని. చెల్లెలు రాలేదు. నేను ఆ మాట వెనక్కి తీసుకోవడం మర్చిపోయాను. ఏటా సీజను మొదట్లో వచ్చి పాతవి తీసేసేవాణ్ణి. ఈసారి రాలేదు కాబట్టి అవి పెరిగి డిస్కు నిండింది. సర్వర్ ఆగింది దానివల్లే. కానీ షాహిస్తా, ఈ నాలుగు నెలల్లో లోపలికి వచ్చిన ప్రతి టిక్కీ, జరిపిన ప్రతి వరస, అన్నీ అందులో ఉంటాయి. పొదిలికి చెప్పాల్సిన కబుర్లు. వాటిని తీసి దానికే చెప్పు."

శివరామకృష్ణ స్తంభం వదిలి ఫోన్ దగ్గరికి వచ్చాడు. తండ్రి గురించి అతనికి తెలియని సంగతి ఒకటి, ఇరవై ఏళ్ళ తర్వాత, ఫోన్లోంచి వచ్చింది.

"ఒక్క జాగ్రత్త," అన్నారు కరుణాకర్ గారు. "టైము చెప్పి అడగమాకు. ఫలానా రోజు నుంచి ఇవాళ్టి దాకా అంటే, ఫిబ్రవరిలోనే జూన్ రెండు కనపడుతుంది. ఇంక అయిపోయింది కాబోలనుకుని ఆగిపోతుంది. వరస నంబరు చెప్పి అడుగు. గడియారాన్ని తిప్పాం గానీ, ఏది ముందు ఏది వెనక అన్నది మనం ముట్టుకోలేదు."

సర్వర్ గదిలో నలుగురికి చోటు లేదు. అయినా నలుగురూ దూరారు. పెద్దమ్మగారికి కుర్చీ వేసి, చెంచయ్య తలుపులో నిలబడ్డాడు. షాహిస్తా పక్కన పెట్టిన డిస్కుని తగిలించి, ఫైళ్ళు వరసగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంది. మధ్యలో ఒక్కటి లేకపోయినా అక్కడితో కథ ఆగిపోతుంది. అన్నీ ఉన్నాయి. మొదటి లాటు తర్వాత వచ్చిన మార్పు ఎన్నోదో వెతికి పట్టుకుంది. ఆ నంబరు పెట్టి ఆదేశం రాసింది. రాసింది మళ్ళీ చదివింది. వేలు ఎంటర్ మీద పెట్టి ఆగింది.

గోడ మీద క్యాలెండర్ ఉంది. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. ఇప్పుడు టైము పదింబావు.

షాహిస్తా వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఇంట్లో ఈ లెక్కలు చూడరు. కానీ ఈ మూడు నెలల్లో పెద్దమ్మగారు రాహుకాలంలో సంచి మూతి విప్పగా చూడలేదు. "పదిన్నర దాకా ఆగనా పెద్దమ్మగారూ? పర్లేదు, ఈలోపు ఇంకోసారి చూసుకుంటా."

వెంకటేశ్వరమ్మ గారు క్యాలెండర్ చూశారు. సర్వర్‌ని చూశారు. తలుపులో తువ్వాలు మెలిపెడుతున్న చెంచయ్యని చూశారు.

"మంచి ముహూర్తంలో చేసిన దాని సంగతి చూశాంగా," అన్నారు. "నొక్కవే."

నొక్కింది.

ముందు ఏమీ కనపడలేదు. సర్వర్‌లో ఫ్యాను మాత్రం మిట్ట ఎక్కే బస్సులాగా మూలిగింది. షాహిస్తా తెర మీదే రెండో విండో తెరిచి, లోపల ఎన్ని టిక్కీలున్నాయని అడిగింది. ఇరవై ఒకటి. మళ్ళీ అడిగింది. ఇరవై ఒకటి. శివరామకృష్ణ గొంతు సవరించుకున్నాడు. మూడోసారి అడిగింది.

వందల్లోకి వచ్చింది.

తర్వాత వేలల్లోకి. ఎవరో పైనుంచి గోతం దిమ్మరించినట్టు అంకెలు రాలిపడసాగాయి. లాట్లు, ఊళ్ళు, రైతుల పేర్లు, తేజ రకమో బాడిగ రకమో, చాంబరు, అంతస్తు, వరస. చెంచయ్య తలుపు వదిలి ఎప్పుడు తెర దగ్గరికి వచ్చాడో ఎవరూ చూడలేదు. "అదిగో, ఆ పావులూరు లాటు. వానకి తడిసొచ్చింది, నేను ఒప్పుకోనంటే నన్ను తిట్టాడా రైతు. అదిగో, మా తోడల్లుడిది." చుట్టాలు రైలు దిగుతుంటే చూస్తున్నట్టు ఉంది ఆయన వరస.

అంకె ఆగేసరికి లక్ష దాటి ఉంది. అయినా శివరామకృష్ణ నమ్మలేదు. ఒక లాటు నంబరు చూసుకుని, ముఠా మేస్త్రి బెన్నీకి ఫోన్ చేశాడు. "ఒరేయ్ బెన్నీ, స్వెటర్ తొడుక్కుని నాలుగో చాంబర్లోకి పో. మూడో అంతస్తు, ఎడం పక్క, గోడ నుంచి రెండో వరస. టిక్కీ మీద నంబరేందో చదువు."

అందరూ ఎదురు చూశారు. ఫోన్లో మెట్లెక్కే చప్పుడు, దగ్గు, తర్వాత చలికి వణుకుతున్న గొంతు. బెన్నీ నంబరు చదివాడు. తెర మీద ఉన్నదే.

శివరామకృష్ణ ఫోన్ జేబులో పెట్టుకుని, "మా నాన్నకి కంప్యూటరంటే ఏంటో కూడా తెలియదమ్మా" అన్నాడు. అది షాహిస్తాకి క్షమాపణో, మెచ్చుకోలో ఆమెకి అర్థం కాలేదు. రెండూ అనుకుంది. కళ్ళు తుడుచుకోబోయి, వేళ్ళకి కాయ ఘాటు ఉందని గుర్తొచ్చి, చున్నీ కొసతో అద్దుకుంది.

"ఏడవమాకే. మధ్యాహ్నం గారెలు వండిస్తా, మీ నాన్నక్కూడా పట్టుకెళ్దువు గాని," అన్నారు పెద్దమ్మగారు. "చెంచయ్యా, నువ్వూ తిని పో. ఇంక గడియారం జోలికి పోయావంటే మాత్రం వేళ్ళు విరుస్తా."

"తిప్పమన్నది మీరేగా అమ్మా."

"అందుకే. ఇద్దరి వేళ్ళూ."

చాలాసేపటి తర్వాత ఆ గదిలో నవ్వు వినిపించింది. ఆ నవ్వులోనే శివరామకృష్ణ అన్నాడు. "మళ్ళీ మొదలుపెట్టినట్టేగా. శుభమా అని మొదటి లాటు చూపించమ్మా. నాన్న పెట్టిన ఆచారం."

షాహిస్తా ఒకటో నంబరు కొట్టింది. రెండో చాంబరు, కింది అంతస్తు, ఆ చివర గోడ వారన అని వస్తుందని అందరికీ తెలుసు. సీజను ఆఖరు దాకా అది అక్కడే ఉంటుంది. పొద్దున బ్యాకప్‌లో కూడా అక్కడే ఉంది.

లోపల ఉన్నవి: సున్నా.

పోయిన తేదీ దగ్గర ఉండాల్సిన సున్నాలు లేవు. మార్చి ముప్పై ఒకటి అని ఉంది. దాని కింద, పోయినట్టు రాసినవారు అన్న చోట, షాహిస్తా.

శివరామకృష్ణ తెర మీదికి వంగాడు.

"మార్చి ముప్పై ఒకటి," అన్నాడు శివరామకృష్ణ నెమ్మదిగా. "రంజాన్ పండగ. ఆ రోజు నువ్వు సెలవు. మీ ఇంటి నుంచి సేమియా పాయసం నేనే తెచ్చుకున్నా."

"అవునండి," అంది షాహిస్తా. "నేను రాలేదు. నా పాస్‌వర్డ్ ఎవరికీ..."

ఎవరికీ చెప్పలేదు అనబోయి ఆగింది. చెప్పలేదు నిజమే. కానీ మార్చి నెలంతా, ప్రతి మధ్యాహ్నం, తను ఆ పాస్‌వర్డ్ కొడుతుంటే పక్కన కుర్చీలో కూర్చుని, ఏ అక్షరం ఎక్కడుందో శ్రద్ధగా చూస్తూ నేర్చుకున్న మనిషి ఒకరున్నారు.

కుడివైపు, సరుకు ఎక్కడికి అన్న గడి చూసింది. అక్కడ ఒకే ఒక్క మాట ఉంది.

పొదిలి.

షాహిస్తా వెంటనే వెనక్కి తిరగలేకపోయింది. తిరిగేసరికి వెంకటేశ్వరమ్మ గారు తెర వైపు చూడటం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎర్రబడ్డ వేళ్ళ కొసలు చూసుకుంటున్నారు.

"శివుడూ," అన్నారు ఆవిడ, తల ఎత్తకుండానే. "నువ్వు కాసేపు బయటికెళ్ళు నాయనా. చెంచయ్యా, నువ్వూ."

"అమ్మా, ఏంటిది?"

"వెళ్ళమన్నానా."

ఇద్దరూ వెళ్ళారు. షాహిస్తా తలుపు దగ్గరగా వేసింది. చాంబర్ గోడలోంచి చలి మెల్లగా గదిలోకి దిగుతోంది. సర్వర్‌లో ఫ్యాను నెమ్మదించింది, అది కూడా వినడానికి ఆగినట్టు.

"గడియ కూడా పెట్టి, ఇట్టా వచ్చి కూర్చోవే," అన్నారు పెద్దమ్మగారు. "పొదిలిలో నాకొక మనిషుంది."